ఫోను దుబాసీ కాగలదా?

మా సొసైటీకి ఏటా చేయూతనిస్తున్న దాతలు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "ఉర్దూలో మాట్లాడితే తెలుగులో పలికే ఫోన్లు వచ్చేశాయి కదా! ఇంకా సహాయ కేంద్రంలో రెండు భాషలూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి గౌరవ వేతనం ఇవ్వడం దేనికి? ఆ డబ్బుతో ఇంకో నలుగురు పిల్లలకు ఫీజు కట్టవచ్చు" అని. న్యాయమైన ప్రశ్నే. ఇచ్చిన ప్రతి రూపాయి ఎక్కడికి పోతోందో అడిగే హక్కు దాతకు ఉంది. అయితే దీనికి ఒక్క ముక్కలో జవాబు చెబితే సరిపోదు. ఫోను మన మాటను ఎలా వింటుంది, ఎలా మారుస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది తెలిస్తే జవాబు దాతలకే తడుతుంది. అందుకని ఈ సావనీరులో కొన్ని పేజీలు దీనికి కేటాయించాం.

లాలాగూడకు దుబాసీ పని కొత్తది కాదు. నిజాం రైల్వే 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. అప్పటి నుంచీ ఈ పేటలో ఒకే గోడకు అటూ ఇటూ రెండు మూడు భాషలు వినిపిస్తూనే ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, తమిళం, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇంగ్లీషు, అన్నీ ఒకే సైరనుకు డ్యూటీ ఎక్కాయి. ఫోర్‌మన్ చెప్పింది ఖలాసీకి, ఖలాసీ చెప్పింది ఫోర్‌మన్‌కు చేరవేసేవాళ్లు ప్రతి షాపులోనూ ఒకరిద్దరు ఉండేవాళ్లు. వాళ్లకు ఆ పని కోసం జీతం ఎవరూ ఇవ్వలేదు, పేరు కూడా పెట్టలేదు. రెండు భాషలు తెలిసిన ద్విభాషే జనం నోట దుబాసీ అయ్యాడు.

ఇప్పుడు ఆ అవసరం వర్క్‌షాపు నుంచి ఆస్పత్రి ఓపీకి, మీసేవ కేంద్రానికి, తహసీల్దారు కార్యాలయానికి మారింది. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ చట్టం ఆమోదించింది. అయినా మా దగ్గరికి వచ్చే వృద్ధురాలి చేతిలో ఉన్న కాగితం చాలాసార్లు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఆమె మాట్లాడేది మాత్రం ఇంట్లో నేర్చుకున్న దక్కనీ ఉర్దూ. కాగితానికీ ఆమెకూ మధ్య ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు మనిషా, ఫోనా అన్నదే దాతలు అడుగుతున్నది.

మూడు మెట్ల పని

ఫోను చేసే పని పైకి ఒకటిగా కనబడుతుంది గానీ లోపల మూడు మెట్లు ఉంటాయి. మొదటిది, మాటను విని అక్షరాలుగా రాసుకోవడం. రెండోది, ఆ రాతను ఇంకో భాషలోకి మార్చడం. మూడోది, మారిన రాతను గొంతుతో చదవడం. ఈ మూడింటినీ కలిపి ఒకేసారి చేసే యంత్రాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. కానీ మన చేతుల్లో ఉన్న సదుపాయాల్లో ఎక్కువ భాగం ఇలా మెట్టు మెట్టుగా సాగేవే.

మొదటి మెట్టే కష్టమైనది. మనం మాట్లాడేటప్పుడు గాలిలో పుట్టే అదురును ఫోనులోని మైకు సెకనుకు సాధారణంగా 16,000 సార్లు కొలుస్తుంది. ఆ కొలతలను సెకనులో నలభయ్యో వంతు ఉండే చిన్న ముక్కలుగా, ఒకదానిపై ఒకటి కాస్త కమ్మేలా కోసి, ఒక్కో ముక్కలో ఏ ధ్వని ఉండవచ్చో అంచనా వేస్తుంది. ఇక్కడ గమనించాల్సిన మాట 'అంచనా'. మనిషి మాటల మధ్య ఖాళీ వదలడు. రాసేటప్పుడు ఉండే ఎడం పలికేటప్పుడు ఉండదు. ఫ్యాను మోత, ప్రెషరు కుక్కరు విజిలు, పక్కింటి టీవీ కూడా ఆ ముక్కల్లో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి యంత్రం విన్నది కొంత, ఊహించింది కొంత. ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అది ముందే నేర్చుకుని ఉంటుంది. ఆ లెక్క ప్రకారం ఖాళీలు పూరిస్తుంది.

ఆ ఊహ తప్పితే? రెండో మెట్టుకు ఆ సంగతి తెలియదు. తప్పుగా రాసుకున్న వాక్యాన్ని చక్కగా, వ్యాకరణం చెడకుండా అనువదిస్తుంది. మూడో మెట్టు దాన్ని తీయని గొంతుతో చదువుతుంది. విన్నవాడికి అనుమానం రాదు. అర్థం కాకపోతే మనిషి ముఖం చిట్లిస్తాడు, "ఏమన్నావమ్మా, మళ్లీ చెప్పు" అంటాడు. యంత్రం సాధారణంగా అలా అడగదు. మౌనంగా ఉన్న చోట కూడా కొన్ని యంత్రాలు ఎవరూ అనని వాక్యాలు రాసిన సందర్భాలను పరిశోధకులు బయటపెట్టారు.

కాటూరు రైతు కొడుకు

ఈ విద్య అమెరికాలో పెరిగిందే గానీ దాని పునాదుల్లో మన ప్రాంతపు వ్యక్తి చెయ్యి ఉంది. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఒక యంత్రం చేసింది. అది సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలను గుర్తుపట్టేది. అదీ తనకు అలవాటైన గొంతు పలికితేనే. అక్కడి నుంచి వాక్యాల దాకా తీసుకువెళ్లిన వారిలో ముఖ్యులు రాజ్ రెడ్డి. ఆయన 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కాలేజీలో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొందారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1970ల మొదట్లో చేసిన 'హియర్‌సే' అనే యంత్రం, నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను అర్థం చేసుకునేది. ఎలాగంటే, బల్ల మీద ఆ క్షణాన వేయడానికి వీలున్న ఎత్తులేవో దానికి తెలుసు. సగం వినబడినా, వీలులేని ఎత్తులను పక్కన పెట్టి మిగిలిన వాటిలోంచి ఎంచుకునేది. సందర్భం తెలిస్తే చెవి పదును పెరుగుతుందన్న సంగతి అక్కడ రుజువైంది. 1976 నాటికి అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 'హార్పీ' 1011 మాటలను గుర్తుపట్టగలిగింది. 1994లో రాజ్ రెడ్డికి ట్యూరింగ్ పురస్కారం దక్కింది. కంప్యూటరు రంగంలో అంతకు మించిన గౌరవం లేదు. ఆసియా మూలాలున్నవారిలో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. మన గచ్చిబౌలిలో 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీకి పాలక మండలి అధ్యక్షుడిగా కూడా పనిచేశారు.

ఫీజు కట్టలేక చదువు మానేసే పిల్లల గురించి మాట్లాడే ఇలాంటి సావనీరులో, ఇంటి నుంచి మొదటిసారి కాలేజీకి వెళ్లిన ఒక కుర్రాడు ఎంత దూరం వెళ్లాడో చెప్పుకోవడం అప్రస్తుతం కాదనుకుంటాం.

తర్వాతి కథ వేగంగా నడిచింది. సూత్రాలు రాసి యంత్రానికి నేర్పడం పోయి, వేల గంటల మాటలు వినిపించి దానంతట అదే నేర్చుకునేలా చేయడం వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగులో తెలుగునూ ఉర్దూనూ ఒకేసారి చేర్చింది. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం 'భాషిణి' ప్రారంభించింది. భారతీయ భాషల మధ్య మాటను, రాతను మార్చే సదుపాయాలను అందరికీ అందుబాటులోకి తేవడం దాని పని. మద్రాసు ఐఐటీలోని 'ఏఐ ఫర్ భారత్' బృందం 2023లో రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ పనికొచ్చే అనువాద యంత్రాన్ని ఉచితంగా విడుదల చేసింది. ఇవన్నీ మెచ్చుకోదగ్గ పనులు.

మరి అడ్డంకి ఎక్కడ? 2022లో ఓపెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన 'విస్పర్' అనే యంత్రం 6 లక్షల 80 వేల గంటల మాటలు విని నేర్చుకుంది. అందులో మూడింట రెండు వంతులు ఇంగ్లీషే. మిగిలిన వంతును తొంభైకి పైగా భాషలు పంచుకున్నాయి. దీనికి పక్కన మన ట్రిపుల్ ఐటీ ప్రయత్నాన్ని పెట్టి చూడండి. మామూలు జనం సహజంగా మాట్లాడే తెలుగును సుమారు 2000 గంటలు సేకరించాలని ఆ సంస్థ పూనుకుంది. మన భాషకు అదే పెద్ద పని. పిల్లవాడు ఏ ఇంట పెరిగితే ఆ మాటే నేర్చినట్టు, యంత్రానికి కూడా విన్నదే వస్తుంది.

మన నోటి మాట

ఇక మన పేట సంగతి. యంత్రానికి ఉర్దూ వచ్చు. అది వార్తలు చదివేవారి ఉర్దూ. మన దక్కనీకి ఫోను జాబితాలో చోటే కనబడదు.

ఉర్దూలో 'క' ధ్వనికి రెండు అక్షరాలున్నాయి. ఒకటి మామూలుది, రెండోది గొంతు లోతు నుంచి వచ్చేది. ఈ రెండో దాన్ని మన హైదరాబాదీలు 'ఖ' అనే పలుకుతాం. సమాధి అనే అర్థమున్న కబర్ మన నోట ఖబర్ అవుతుంది. పుస్తకంలో ఖబర్ అంటే వార్త. అంత్యక్రియల ఖర్చుకు సాయం కోరుతూ ఒకావిడ "ఖబర్ కే వాస్తే పైసే హోనా" అంటే, మనకు గుండె కలుక్కుమంటుంది. యంత్రం మాత్రం వార్త కోసం డబ్బు కావాలట అని చెప్పే ప్రమాదం ఉంది.

'కల్' అంటే నిన్న, రేపు కూడా. ఉర్దూవాళ్లకు క్రియను బట్టి తెలుస్తుంది. తెలుగులో మాత్రం నిన్న వేరు, రేపు వేరు. క్రియ సరిగా వినబడకపోతే యంత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. 'పర్‌సోఁ' పుస్తకాల్లో మొన్న లేదా ఎల్లుండి. హైదరాబాదులో అది పోయిన వారమైనా కావచ్చు, పోయిన ఏడాదైనా కావచ్చు! "పర్‌సోఁ సే బుఖార్" అన్న మాటను డాక్టరుకు రెండు రోజుల జ్వరంగా చెబితే, పది రోజుల జ్వరం కనబడకుండా పోతుంది. మా కేంద్రంలో కూర్చునే అమ్మాయి ఈ మాట వినగానే "పర్‌సోఁ అంటే ఎన్ని రోజులు ఖాలా? జుమ్మాకు ముందా, తర్వాతా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకే ఆమె గౌరవ వేతనం చెల్లు అని మా అభిప్రాయం.

అంకెల సంగతి చూడండి. ఉర్దూలో సాత్ అంటే 7, సాఠ్ అంటే 60. నాలుక ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యమైన తేడా. పళ్లు లేని నోట ఆ తేడా కూడా ఉండదు. పచ్చీస్ 25, పచాస్ 50. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. మందుల విషయంలో ఇవి చిన్న తేడాలు కావు. తెలుగువైపు కూడా ఇబ్బందులు తక్కువేం లేవు. ముందు, మందు అన్న మాటల మధ్య ఉన్నది ఒక్క అచ్చు తేడా. ఆ రెండూ "భోజనానికి ముందు వేసుకునే మందు" అంటూ ఒకే వాక్యంలో వస్తాయి.

ఇంకో చిక్కు, చాలా యంత్రాలు ఉర్దూ నుంచి తెలుగుకు నేరుగా రావు. నడుమ ఇంగ్లీషు మీదుగా వస్తాయి. ఆ దారిలో చాలా రాలిపోతాయి. ఆప్, తుమ్, తూ మూడూ ఇంగ్లీషులో ఒకటే కాబట్టి, తాతను 'నువ్వు' అనడం, పసిపిల్లను 'మీరు' అనడం జరుగుతుంది. ఫూఫీ అంటే మేనత్త, ఖాలా అంటే పిన్ని లేదా పెద్దమ్మ. ఇంగ్లీషులో ఇద్దరూ ఆంటీలే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు రాస్తున్నప్పుడు ఆ తేడా ఆస్తి దాకా పోతుంది. తెలుగులో "వెళ్తున్నాను" అంటే ఆడా మగా తెలియదు. ఉర్దూలో జాతా, జాతీ అని తేలాల్సిందే. యంత్రం చాలాసార్లు మగవాణ్ణే ఊహిస్తుంది.

దాతలకు నచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాం. ఉర్దూలో "హమ్ దేంగే" అన్నారనుకోండి. తెలుగులో అది "మేము ఇస్తాం" కావచ్చు, "మనం ఇద్దాం" కావచ్చు. మొదటి దాంట్లో ఎదుటివాడి జేబుకు భారం లేదు, రెండో దాంట్లో ఉంది. డబ్బు ఎవరిస్తారన్నది ఒక్క అక్షరం మీద తిరిగే భాష మనది!

యంత్రాల నాణ్యతను కొలవడానికి ఒక లెక్క ఉంది. వంద మాటల్లో ఎన్ని మారిపోయాయి, ఎన్ని ఎగిరిపోయాయి, లేనివి ఎన్ని చేరాయి అని కూడతారు. తప్పుల శాతం ఎంత తక్కువైతే అంత మంచిది. ఈ లెక్కకు ఒక లోపం ఉంది. 'కదా' అన్న మాట పోయినా ఒక తప్పే, 'వద్దు' అన్న మాట పోయినా ఒక తప్పే. నూటికి తొంభై అయిదు మాటలు సరిగా వింటుందని కంపెనీ చెప్పినప్పుడు, మిగిలిన అయిదూ ఏవో అడగాలి.

పెద్దలకు గుర్తుండే సంగతి ఒకటి ఈ సందర్భంలో చెప్పాలి. మన పొరుగునే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దానికి ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద కార్యాలయం పెట్టారు. వైద్యం, లెక్కలు, రసాయనశాస్త్రం అన్నీ ఉర్దూలో బోధించాలంటే ముందు పుస్తకాలు కావాలి, పుస్తకాలకు ముందు మాటలు కావాలి. శాస్త్రం తెలిసినవారిని, భాష తెలిసినవారిని ఒకచోట కూర్చోబెట్టి ఒక్కో పారిభాషిక పదాన్ని చర్చించి స్థిరపరిచారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటివారు దానికి సారథ్యం వహించారు. అనువాదానికి ఖర్చు పెట్టడం మన ఊరికి కొత్త కాదు.

ఫోనుకు ఏ పని, మనిషికి ఏ పని

ఇంత చెప్పామని ఫోను వద్దనడం లేదు. మా కేంద్రంలో అది రోజూ పనిచేస్తోంది. ఏ కౌంటరుకు పోవాలి, ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు, ఏ కాగితాలు జిరాక్సు తీయించుకోవాలి వంటి మాటలకు ఫోను చాలు. తప్పు వచ్చినా మళ్లీ అడగవచ్చు. తెలుగు సర్క్యులరును ఫొటో తీసి సారాంశం తెలుసుకోవడానికి కూడా బాగుంటుంది.

మందు మోతాదు, ఆపరేషను సమ్మతి, పోలీసు ఫిర్యాదు, తలాఖ్, మహర్, వారసత్వం, వేలిముద్ర వేసే ఏ కాగితమైనా సరే, మనిషే ఉండాలన్నది మేము పెట్టుకున్న నియమం. అక్కడ ఫోను వాడినా, చెప్పినదాన్ని చెప్పినవాళ్లకే వాళ్ల భాషలో తిరిగి వినిపించి, "ఇదేనా మీరన్నది?" అని అడిగి, ఆపైనే ముందుకు పోతాం. అంకెలైతే వేళ్ల మీద చూపిస్తాం. ఫోనునే తిరగేసి అనువదించమంటే సరిపోదా అని కొందరు అడిగారు. పోయేటప్పుడు చేసిన తప్పును వచ్చేటప్పుడు అదే యంత్రం సర్దేసే అవకాశం ఉంది. కాబట్టి దాని మీద భరోసా పెట్టుకోలేం.

గోప్యత సంగతి కూడా ఉంది. చాలా యాప్‌లలో మన మాట ఎక్కడో ఉన్న కంప్యూటరుకు వెళ్లి తిరిగి వస్తుంది. ఒక స్త్రీ తన ఇంటి గొడవ చెప్పుకుంటున్నప్పుడు ఆ గొంతు ఎక్కడికి పోతోందో ఆమెకు తెలియాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతినే మూలంగా పెట్టింది. చట్టం మాట అలా ఉంచితే, అది అమానత్‌గా మా దగ్గర పెట్టిన రహస్యం.

దాతలు జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటి. మూడో మెట్టులోని గొంతు ఇప్పుడు ఎవరి గొంతునైనా అనుకరించగలదు, కొద్దిపాటి రికార్డింగు దొరికితే చాలు. కార్యదర్శి గొంతుతో ఫోను వచ్చి విరాళం వెంటనే పంపమంటే పంపకండి. పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకు మీరే తిరిగి చేయండి.

ఇక డబ్బు లెక్క. యాప్‌లకు మాకు ఖర్చు దాదాపు లేదు. ఖర్చు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. చప్పుడు లేని ఒక చిన్న గది, నోటికి దగ్గరగా పెట్టుకునే మంచి మైకు, రెండు భాషలూ వచ్చిన ఇద్దరి గౌరవ వేతనం. గదికి తలుపు బిగిస్తే యంత్రం వినికిడి బాగుపడుతుంది, చెప్పుకునేవాళ్ల పరువూ దక్కుతుంది. అందువల్ల ఈ ఏడాది బడ్జెటులో ఆ గౌరవ వేతనాన్ని తగ్గించకుండా ఉంచాం.

డబ్బుతో పనిలేని దానం కూడా ఒకటి ఉంది. భాషిణివారి 'భాషాదాన్'లో, మొజిల్లా సంస్థ 'కామన్ వాయిస్'లో ఎవరైనా తమ గొంతు ఇవ్వవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ ఉన్నాయి. తెర మీద వాక్యం కనబడుతుంది, చదవాలి. కాలేజీ పిల్లలకు అది పది నిమిషాల పని. కానీ ఈ పద్ధతిలో చదవడం వచ్చినవాళ్ల గొంతులే చేరతాయి. యంత్రం సాయం ఎవరికి ఎక్కువ కావాలో, ఆ చదువురాని పెద్దవాళ్ల గొంతులే అందులో ఉండవు. చూసి చదివిన మాటలో ఖబర్ కూడా కబర్ అయిపోతుంది.

అందుకే రంజాను తర్వాత ఆదివారాల్లో మా కేంద్రంలో ఒక ప్రయత్నం చేయబోతున్నాం. యాభై దాటిన స్త్రీలను పిలిచి, కూరగాయల బండి, రేషను దుకాణం, రైలు స్టేషను బొమ్మలు చూపించి, ఏం కనబడుతోందో వాళ్ల మాటల్లోనే చెప్పమంటాం. ముందే సమ్మతి తీసుకుంటాం. పేర్లు, చిరునామాలు రికార్డు చేయం. వద్దంటే ఎప్పుడైనా చెరిపేస్తాం. ఆ రికార్డింగులను భాషా పరిశోధన చేసే ప్రభుత్వ, విద్యా సంస్థలకు మాత్రమే ఇస్తాం. దీనికి కావలసింది రెండు గంటలు ఓపికగా కూర్చుని వినగల వాలంటీర్లు, ఛాయ్, మీ ఇంట్లోని అమ్మీజాన్, నానీ, దాదీ. నడవలేని వారిని ఆటోలో తీసుకొచ్చి తిరిగి ఇంటి దగ్గర దింపే బాధ్యత మాది.